వెల్డే లేని డిష్‌కి 0.85 ఎందుకు?

ప్రశ్న: నేను గాజువాకలో ఉంటాను. మెకానికల్‌లో బీటెక్ పూర్తయి మూడేళ్లయింది. ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో క్వాలిటీ చూస్తున్నాను. జీతం 19 వేలు. డిజైన్‌లోకి వెళ్లాలని ఉంది. ఎక్కడ అప్లై చేసినా ‘ఏఎస్‌ఎంఈ సెక్షన్ ఎయిట్ వచ్చా, పీవీ ఎలైట్ వచ్చా’ అనే అడుగుతున్నారు. మొదటిది ప్రెషర్ వెజల్స్, అంటే లోపలి ఒత్తిడిని తట్టుకోవాల్సిన ట్యాంకుల డిజైన్‌కి అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంస్థ పెట్టిన కోడ్, రెండోది ఆ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్. సిటీలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రెండూ కలిపి 45 రోజుల్లో నేర్పిస్తామని, హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అని చెప్పి 68 వేలు అడుగుతున్నారు. నాన్న తన పీఎఫ్‌లోంచి తీసి ఇస్తానంటున్నారు. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. కోడ్ పుస్తకం ఒకసారి తెరిచి చూస్తే ఆ ఇంగ్లిష్‌కే భయమేసింది. తక్కువ ఖర్చులో నేర్చుకునే దారి ఉందా సార్? ఏపీఐ 510 పరీక్ష రాస్తే మేలా? మా చెల్లి ఈ ఏడాదే డిప్లొమా పాసయింది. తనకీ ఈ లైనే ఇష్టం.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు:

బాబూ, నాన్నగారి పీఎఫ్ జోలికి వెళ్లకు. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం, ముందు ఆయనకి ఆ మాట చెప్పేసి రా.

ఇన్‌స్టిట్యూట్‌లన్నీ మోసమని నేను అనడం లేదు. బాగా చెప్పేవాళ్లు ఉన్నారు. కాకపోతే నువ్వు కొనబోయేది ఏమిటో చూసుకోవాలి. 45 రోజుల్లో కోడ్‌కి ఎన్ని రోజులు, సాఫ్ట్‌వేర్‌కి ఎన్ని రోజులు అని అడుగు. చాలా చోట్ల కోడ్ ఓ వారంలో తేల్చేసి మిగతా రోజులన్నీ కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. ప్రెషర్ ఇక్కడ కొట్టు, డయామీటర్ అక్కడ కొట్టు, పచ్చరంగు వస్తే పాస్. సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఉద్యోగంలో చేరాక కంపెనీ లైసెన్సు మీద చేతికొచ్చేస్తుంది. అది ఇచ్చే రిపోర్టులో ఏ లెక్క ఏ క్లాజు ప్రకారం చేసిందో పక్కనే ఉంటుంది. ఆ క్లాజు చదవడం రానివాడికి ఆ రిపోర్టు వంద పేజీల చిత్తుకాగితం.

డెమో క్లాసుకి పిలుస్తారుగా, వెళ్లు. వెళ్లి ఒక్క ప్రశ్న అడుగు. (ఈ లైను తెలియని పాఠకుల కోసం: వెజల్‌లో గొట్టం భాగం షెల్, దాని చివర మూసే గుండ్రటి మూత డిష్ ఎండ్. వెల్డు ఉన్నచోట ప్లేటు బలంలో ఎంత లెక్కలోకి తీసుకోవచ్చో చెప్పే అంకె జాయింట్ ఎఫిషియెన్సీ.) ‘సార్, డిష్ ఎండ్ ఒకే ప్లేటు నొక్కి చేసింది. దానిలో వెల్డే లేదు. అలాంటప్పుడు దాని జాయింట్ ఎఫిషియెన్సీ ఒక్కోసారి 0.85 తీసుకోమంటారెందుకు?’ నీళ్లు నమిలితే లేచి వచ్చేయ్. ‘సాఫ్ట్‌వేరే తీసుకుంటుంది బాబూ’ అంటే ఇంకా త్వరగా వచ్చేయ్. కోడ్‌లో యూడబ్ల్యూ-12 క్లాజు తీసి, అందులో డీ పేరా చూపించి, డిష్‌కి వెల్డు లేకపోయినా దాన్ని షెల్‌కి కలిపే సీముకి ఎక్స్‌రే సరిపడా తీయకపోతే డిష్‌కి కూడా ఆ శిక్ష పడుతుందని విడమరచి చెప్పినాయన దొరికితే, ఆయన దగ్గర ఫీజు వాయిదాల్లో కట్టయినా కూర్చోవచ్చు. ప్లేస్‌మెంట్ గురించి నోటిమాట వద్దు. కాగితం మీద రాసివ్వమను, ఉద్యోగం రాకపోతే ఎంత వెనక్కిస్తారో కూడా అందులోనే ఉండాలి. ఆ కాగితం అడిగిన తర్వాత వాళ్ల ఫోన్లు తగ్గిపోతే నీకు జవాబు వచ్చేసినట్టే.

ఈ 0.85 మీద నాకింత పట్టింపు ఎందుకంటే, నా మొదటి దెబ్బ అక్కడే తగిలింది. అప్పట్లో ఈ ఊళ్లోనే ఒక చిన్న కంపెనీలో డిజైన్‌లో చేరాను. పేరు ఎందుకులే. పాత జాబ్ క్యాలిక్యులేషన్ షీట్ పక్కన పెట్టుకుని, ప్రెషర్, డయామీటర్ మార్చి కొత్త జాబ్‌కి మందం తేల్చేశాను. పాత జాబ్‌లో లాంగ్ సీములన్నీ, అంటే షెల్ పొడవునా ఉండే వెల్డులన్నీ, ఫుల్ ఎక్స్‌రే. కొత్తదానికి కస్టమర్ అడిగింది స్పాట్, అంటే అక్కడక్కడా తీసే ఎక్స్‌రే మాత్రమే. నేను చూసుకోలేదు, ఎఫిషియెన్సీ 1 అలాగే దిగిపోయింది. ప్లేటు ఒక సైజు తక్కువ ఆర్డరయింది, వచ్చింది, కట్ కూడా అయింది. మా సీనియర్ ఒకాయన డ్రాయింగ్ చూస్తూ చూస్తూ పెన్సిల్ ఆ 1 మీద ఆపి, ‘ఇది ఎక్కణ్నుంచి వచ్చింది?’ అన్నారు. తిట్టలేదు. అదొక్కటే అడిగి, నా మొహం చూస్తూ ఊరుకున్నారు. పాత షీట్‌లోంచి వచ్చిందని చెప్పడానికి నోరు రాలేదు. చివరికి ఆ ప్లేటుతోనే పని జరగడానికి లాంగ్ సీములు మొత్తం ఎక్స్‌రే తీయించారు. ఆ ఖర్చు వంకతో యజమాని నాకు రెండు నెలల జీతం ఎగ్గొట్టాడు. చెక్ చేసి సంతకం పెట్టినవాళ్ల జీతాలు మాత్రం భద్రంగానే ఉన్నాయి. ఆ కోపం ఇంకా పోలేదు గానీ, ఆ తర్వాత ఏ అంకె రాసినా పక్కన క్లాజు నంబరు రాయకుండా పెన్ను కదలలేదు.

ఇప్పుడు నీ సంగతి. ఎక్కడో కంప్యూటర్ ముందు నేర్చుకునేవాళ్లకి లేనిది నీకుంది. నీ కళ్ల ముందే ప్లేటు దిగుతుంది, రోల్ అవుతుంది, డిష్ ఫిటప్ జరుగుతుంది. ఎక్స్‌రే ఫిల్ములు నీ టేబుల్ మీదికే వస్తాయి. నీళ్లు నింపి ప్రెషర్ పెట్టే హైడ్రో టెస్ట్‌లో గేజ్ దగ్గర నిలబడేది నువ్వే. మీ షాపులో ఒక జాబ్ డ్రాయింగ్ తీసుకో. చిన్న ఎయిర్ రిసీవర్, అదే గాలి నిల్వ చేసే ట్యాంకు అయినా చాలు. సాఫ్ట్‌వేర్ లేకుండా కాగితం మీద లెక్క కట్టు.

నమూనాకి ఒకటి చేద్దాం. లోపలి వ్యాసం 1200 మి.మీ. ప్రెషర్ 1 మెగాపాస్కల్, మీ షాపు భాషలో పది కేజీలు. ప్లేటు ఎస్‌ఏ 516 గ్రేడ్ 70. మామూలు ఉష్ణోగ్రతలో దాని అనుమతించిన స్ట్రెస్ 138 మెగాపాస్కల్. తుప్పుకి 3 మి.మీ. వదులుదాం. కోడ్‌లో యూజీ-27 క్లాజు ఫార్ములా: టీ = పీఆర్ / (ఎస్ఈ − 0.6పీ). టీ అంటే మందం, పీ ప్రెషర్, ఆర్ లోపలి వ్యాసార్థం, ఎస్ అనుమతించిన స్ట్రెస్, ‘ఈ’ జాయింట్ ఎఫిషియెన్సీ. తుప్పు పట్టిపోయాక ఉండే వ్యాసార్థం తీసుకోవాలి కాబట్టి ఆర్ 603. ఫుల్ ఎక్స్‌రే అయితే ఈ 1. అప్పుడు 603ని 137.4తో భాగిస్తే 4.39. తుప్పు 3 కలిపితే 7.39. 8 మి.మీ. ప్లేటు సరిపోతుంది. స్పాట్ ఎక్స్‌రే అయితే ఈ 0.85. 603ని 116.7తో భాగిస్తే 5.17, కలిపితే 8.17. 10 మి.మీ. ప్లేటుకి వెళ్లాలి. ఎక్స్‌రే అసలు లేకపోతే ఈ 0.70, వచ్చేది 9.28, అదీ పదిలోనే ఇమిడిపోతుంది. అంటే ఈ వెజల్‌కి షెల్ మందం వరకు చూస్తే స్పాట్ ఎక్స్‌రేకి పెట్టిన డబ్బు దండగ! మూడు మీటర్ల షెల్ అనుకుంటే 8కీ 10కీ మధ్య దాదాపు 180 కిలోల స్టీలు తేడా. ఆ స్టీలు ఖర్చు ఎక్కువా, లాంగ్ సీము ఫుల్ ఎక్స్‌రే ఖర్చు ఎక్కువా? ఇది మీ ఎస్టిమేషన్ ఆయన్ని అడుగు. ఆ కబుర్లతో ఒక సాయంత్రం గడిస్తే 68 వేల కోర్సులో ఓ వారం కలిసొచ్చినట్టు.

ఒక్క షెల్‌తో ఆగిపోకు. తర్వాత డిష్, ఆ తర్వాత పైపు తగిలించే మూతి, అదే నాజిల్. నాజిల్ కోసం షెల్‌కి బెజ్జం పెట్టాం కాబట్టి పోయిన బలం చుట్టూ ఎక్కడి నుంచి తెస్తున్నామో, చుట్టూ అదనంగా వెల్డు చేసే ప్లేటు, అదే ప్యాడ్, ఎంత వెడల్పు కావాలో చూపేది యూజీ-37. కొత్తలో అందరూ మునిగేది అక్కడే. రెండు వారాలు పట్టినా పట్టనీ. బయటి నుంచి పడే ప్రెషర్, శాడిళ్లు, గాలి, భూకంపం ఇప్పుడు ముట్టుకోవద్దు.

పుస్తకం మాటకొస్తే, ఏఎస్‌ఎంఈ సెక్షన్ ఎయిట్ డివిజన్ వన్ ఒక్కటే వందల డాలర్లు. రెండేళ్లకోసారి కొత్త ఎడిషన్. నువ్వు కొనేది కాదది, షాపు కొనాల్సింది. మీ షాపుకి యూ స్టాంప్, అంటే కోడ్ ప్రకారం వెజల్స్ చేయడానికి ఏఎస్‌ఎంఈ ఇచ్చే గుర్తింపు ముద్ర ఉంటే ప్రస్తుత ఎడిషన్ ఉండి తీరాలి. మీ క్యూసీ మేనేజర్ అల్మరాలో ఉంటుంది, తాళం ఆయన దగ్గరే ఉంటుంది. ‘సార్, డ్యూటీ అయ్యాక అరగంట ఇక్కడే కూర్చుని చదువుకుంటాను’ అని అడిగి చూడు. ఇంటికిమ్మంటే ఇవ్వరు, ఇక్కడే చదువుతానంటే కాదనరు.

వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌ల సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. అది దొంగ సరుకు అన్నది ఒక మాట. దానికి మించిన ప్రమాదం, అది ఏ కాలం నాటిదో తెలియకపోవడం. 1999కి ముందు పుస్తకం అయితే అనుమతించే స్ట్రెస్ కోసం తెగే బలాన్ని 4తో భాగించేవారు, ఆ తర్వాత 3.5 అయింది. అదే గ్రేడ్ 70 ప్లేటుకి పాత పుస్తకం 17.5 కేఎస్‌ఐ (చదరపు అంగుళానికి వేల పౌండ్లు) అంటుంది, కొత్తది 20 అంటుంది. హైడ్రో టెస్ట్ కూడా అప్పట్లో ఒకటిన్నర రెట్లు, ఇప్పుడు 1.3 రెట్లు. ఇంటర్వ్యూలో ఒకటిన్నర అన్నావంటే నువ్వు ఏ పీడీఎఫ్ చదివావో అవతలాయనకి అక్కడే తెలిసిపోతుంది.

పైసా ఖర్చు లేకుండా, దొంగతనం కాకుండా దొరికేవి కొన్ని ఉన్నాయి. మొదటిది మన ఐఎస్ 2825. అన్‌ఫైర్డ్ ప్రెషర్ వెజల్స్‌కి భారత ప్రమాణం, 1969 నాటిది. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే పీడీఎఫ్ ఉచితం. పాతది, కిలోల లెక్కల్లో ఉంటుంది, ఉద్యోగాల్లో నేరుగా అడిగేవాళ్లు తక్కువ. అయినా దాంతోనే మొదలుపెట్టమంటాను. షెల్, డిష్, నాజిల్, ఫ్లాంజ్, వెల్డు, టెస్ట్, అన్నీ అదే వరసలో ఆలోచిస్తుంది. అక్కడ ‘ఈ’ బదులు ‘జే’ ఉంటుంది, 0.6 పీ ఉన్నచోట లెక్క సర్దితే 0.5 పీ వస్తుంది. ఈ రెండిటికీ తేడా ఎందుకొచ్చిందని ఒక రాత్రి బుర్ర బద్దలు కొట్టుకో. మందపాటి సిలిండర్ సిద్ధాంతం దగ్గర తేలుతావు.

రెండోది చాలామందికి తెలియదు. కోడ్ మీద జనం అడిగిన సందేహాలకి ఏఎస్‌ఎంఈ కమిటీ ఇచ్చిన జవాబులు, వాటినే ఇంటర్‌ప్రెటేషన్లు అంటారు, వాళ్ల సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. ప్రశ్న నాలుగు లైన్లు ఉంటుంది. జవాబు చాలాసార్లు ‘అవును’ లేదా ‘కాదు’, అంతే. జవాబు మీద చెయ్యి అడ్డుపెట్టి ప్రశ్న చదువు, నీ జవాబు అనుకో, చెయ్యి తియ్యి. రోజుకి రెండు చాలు. ఇంతకంటే మంచి మాక్ టెస్ట్ డబ్బిచ్చినా దొరకదు.

స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ మరచిపోయుంటావు, ఏమనుకోకు, అందరం మరచిపోతాం. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు, అది వెయ్యి రూపాయల ప్రాంతంలో ఉంటుంది. ఇంకో చిట్కా. ఈ సబ్జెక్టు మెకానికల్ వాళ్లకంటే కెమికల్ ఇంజనీరింగ్ వాళ్లే కాలేజీలో ఎక్కువ చదువుతారు, ప్రాసెస్ ఎక్విప్‌మెంట్ డిజైన్ అని. కెమికల్ చేసిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్ల పాత నోట్సు అడుగు. అటక మీద ఉండే ఉంటుంది.

ఎల్‌పీజీ బుల్లెట్లు, గ్యాస్ ట్యాంకర్ల పని మీ షాపుకి వస్తుంటే ఎస్‌ఎంపీవీ రూల్స్ 2016, అంటే ఒత్తిడిలో గ్యాస్ నింపే వెజల్స్ మీద కేంద్రం పెట్టిన నిబంధనలు కూడా ఓసారి చదువు. నాగపూర్‌లో హెడ్డాఫీసు ఉన్న, పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే పెసో సంస్థ వాటిని అమలు చేస్తుంది. అవి ప్రభుత్వ గెజెట్ రూల్స్ కాబట్టి కొనాల్సిన పని లేదు.

ఇక ఇంగ్లిష్ భయం. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించింది ఇదే, నాదీ తెలుగు మీడియమే. కోడ్ ఇంగ్లిష్ మాట్లాడే ఇంగ్లిష్ కాదు, కథల ఇంగ్లిషూ కాదు. ఇంట్లో స్థలం రిజిస్ట్రీ దస్తావేజు ఉంటే ఒకసారి తీసి చూడు. తెలుగులోనే ఉన్నా మనకి ఒక్క పట్టున అర్థం కాదు. తూర్పు హద్దు ఎవరిది, దారి హక్కు ఎవరికి, ‘అయితే’ అని ఎక్కడ మెలిక పెట్టాడు, ఇలా వేలు పెట్టి చదువుతాం. కోడ్‌నీ అలాగే చదవాలి. పదాలు నిజానికి తక్కువే, తిరిగి తిరిగి అవే వస్తాయి. ‘షల్’ అంటే చేసి తీరాలి. ‘షుడ్’ అంటే చేస్తే మంచిది. ‘మే’ అంటే చేయొచ్చు, నీ ఇష్టం. ‘ఎక్సెప్ట్’, ‘ప్రొవైడెడ్ దట్’ కనిపించిన చోటల్లా ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టు.

పొరపాటు ఎలా జరుగుతుందో చూడు. ఇందాక మనకి 8.17 వచ్చింది. ఎవరో ఒక తెలివైనవాడు యూజీ-16 తీస్తాడు. అందులో ప్లేటు మందం అంగుళంలో నూరో వంతు, అంటే సుమారు 0.25 మి.మీ. గానీ, ఆర్డర్ చేసినదాంట్లో 6 శాతం గానీ, ఏది తక్కువైతే అంతవరకు తగ్గినా వాడుకోవచ్చని ఉంది. ‘8.17లో 0.25 పోతే 7.92 కదా, 8 వేసేద్దాం’ అంటాడు. దానికి ముందు వాక్యం అతను చదవలేదు. డిజైన్ మందం కంటే తక్కువ ప్లేటు ఆర్డర్ చేయకూడదని అందులో ‘షల్’ వేసి మరీ ఉంది. ఆ సడలింపు మిల్లు నుంచి వచ్చిన ప్లేటు కాస్త పలచగా ఉంటే ఆదుకోడానికి, నువ్వు పలచటి ప్లేటు కొనడానికి కాదు. ఇందులో ఇంగ్లిష్ ఎంత కావాలి చెప్పు? వాక్యం మధ్యలో మొదలుపెట్టకుండా ఉండే ఓపిక ఉంటే చాలు. పేరాకి నాలుగు లైన్ల చొప్పున నీ మాటల్లో తెలుగులో నోట్సు రాసుకో. ఎవరూ నవ్వరు, నవ్వితే నవ్వనీ.

మనుషుల సంగతి చివర్లో చెప్తున్నాను గానీ, విశాఖలో ఇదే అసలు ఆస్తి. 1966లో ప్రభుత్వ సంస్థ బీహెచ్‌పీవీ (భారత్ హెవీ ప్లేట్ అండ్ వెజల్స్) పెట్టినప్పటి నుంచి ప్రెషర్ వెజల్స్ చేస్తున్న ఊరిది. 2013లో అది బీహెచ్‌ఈఎల్‌లో కలిసిపోయినా బస్టాపు పేరు మారలేదు కదా. రిఫైనరీ ఉంది, ఎరువుల ఫ్యాక్టరీ ఉంది, పరవాడ ఫార్మా సిటీలో రియాక్టర్లకి లెక్కే లేదు. ఇవన్నీ చేసి, చూసి, రిటైరైనవాళ్లు మీ గాజువాక చుట్టుపక్కలే పొద్దున వాకింగ్ చేస్తూ కనిపిస్తారు. వాళ్ల దగ్గరికి వెళ్లి ‘నాకు కోడ్ నేర్పండి సార్’ అనకు. అది పెద్ద పని, జారుకుంటారు. నీ లెక్క కాగితం చేతిలో పట్టుకెళ్లి ‘ఇందులో తప్పు ఎక్కడుందో చూడండి సార్’ అను. రిటైరైన ఇంజనీరు తప్పు వెతకమంటే కాదన్నది నేనింతవరకు చూడలేదు, నాతో సహా. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ విశాఖ కేంద్రంలో ఉపన్యాసాలు జరుగుతుంటాయి. వెల్డుని పాడుచేయకుండా లోపాలు పట్టే ఎన్‌డీటీ వాళ్ల సంఘం ఐఎస్‌ఎన్‌టీకి కూడా ఇక్కడ చాప్టర్ ఉంది, క్వాలిటీలో ఉన్నావు కాబట్టి అది నీకు దగ్గర చుట్టం. ఉపన్యాసం సంగతి ఎలా ఉన్నా టీ విరామం దాకా మాత్రం ఉండు. పరిచయాలు అక్కడే కలుస్తాయి.

ఏపీఐ 510 ఇప్పుడు వద్దు. అది వాడుకలో ఉన్న వెజల్స్‌ని తనిఖీ చేసేవాళ్ల సర్టిఫికెట్, డిజైనర్లది కాదు. ఫీజు వందల డాలర్లు, అనుభవం కూడా చూపించాలి. రిఫైనరీ షట్‌డౌన్ పనులకో, గల్ఫ్‌కో వెళ్లాలనిపించిన రోజు అప్పుడు చూద్దాం.

మీ చెల్లికి నీకంటే సులువైన దారి ఉంది. తను ఇంకా ఎక్కడా పని చేయలేదు కాబట్టి నాట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోమను. పెద్ద పరిశ్రమలు డిప్లొమా అప్రెంటిస్‌లని దాని ద్వారా తీసుకుంటాయి, ఏడాది పాటు స్టైపెండ్ ఇస్తాయి. ఏడాది దాటి ఉద్యోగం చేసినవాళ్లకి సాధారణంగా అవకాశం ఉండదు, కాబట్టి ఈలోగా ఏదో ఒకటని చిన్న ఉద్యోగంలో చేరి ఆ దారి మూసేసుకోవద్దని చెప్పు.

నువ్వు రేపు డ్యూటీకి వెళ్లగానే చేయాల్సింది ఒకటి. డిస్పాచ్‌కి సిద్ధంగా ఉన్న వెజల్ ఏదైనా ఉంటే దాని నేమ్‌ప్లేట్ దగ్గరికి వెళ్లు. స్టాంప్ ఉన్న జాబ్ అయితే ఒక మూల ఆర్‌టీ 1, ఆర్‌టీ 2 ఇలా ఏదో ఒకటి గుద్ది ఉంటుంది. ఆర్‌టీ అంటే ఎక్స్‌రే పరీక్ష, ఆర్‌టీ 3 అంటే స్పాట్. దాన్ని బట్టి ‘ఈ’ ఎంతో తేల్చి, ప్రెషర్, డయామీటర్ తీసుకుని షెల్ మందం లెక్క కట్టి, డ్రాయింగ్‌లో ఉన్న మందంతో పోల్చు. అలా మూడు వెజల్స్ అయ్యాక ఆ లెక్కలు ఈ శీర్షిక చిరునామాకి పంపు, చూసి పెడతాను. తెల్లకాగితం మీద చేతిరాతతో పంపు, ప్రింటవుట్లు వద్దు. ప్రతి అంకె పక్కన క్లాజు నంబరు ఉండాలి. ‘ఈ’ పక్కన అది లేదనుకో, మిగతాదేదీ చూడకుండా వెనక్కి పంపేస్తాను.